రీప్లే: చూపించడం వేరు, జరిపించడం వేరు

[తెరపై: నలుపు తెలుపుల్లో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం]

వ్యాఖ్యాత: 1963 డిసెంబరు 7న అమెరికాలో ఆర్మీ, నేవీ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌ను సీబీఎస్ ప్రసారం చేస్తుండగా, దర్శకుడు టోనీ వెర్నా ఆర్మీ చేసిన ఒక టచ్‌డౌన్‌ను (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి సాధించే స్కోరును) కొద్ది క్షణాలకే వీడియో టేపు నుంచి మరోసారి చూపించారు. అటువంటిది చూసి ఎరగని ప్రేక్షకులు అది మరో టచ్‌డౌన్ అనుకునే ప్రమాదం ఉండడంతో, ఇది ప్రత్యక్ష దృశ్యం కాదనీ, ఆర్మీ మళ్లీ స్కోరు చేయలేదనీ కామెంటేటర్ లిండ్సే నెల్సన్ ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఆ అనుమానం అమాయకమైనదేమీ కాదు. రీప్లే అన్న మాట వినిపించిన ప్రతిచోటా, జరిగినదాన్ని మళ్లీ చూపిస్తున్నారా, మళ్లీ జరిపిస్తున్నారా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

[తెరపై: వికెట్లు, క్రీజు గీత, ఒక్కొక్క ఫ్రేముగా కదిలే బ్యాట్]

వ్యాఖ్యాత: క్రికెట్‌లో థర్డ్ అంపైర్ చూసేది మొదటి రకం. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో రనౌటైన సచిన్ టెండూల్కర్, టీవీ రీప్లే ఆధారంగా ఔటైన తొలి బ్యాటర్. అయితే రీప్లే చూపేది కెమెరా పట్టినంత మేరకే. సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య 40 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. సెకనుకు ఏడు మీటర్ల వేగంతో క్రీజు వైపు దూసుకొచ్చే బ్యాట్ ఆ ఎడంలోనే 28 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఎంత నెమ్మదిగా తిప్పి చూసినా ఆ మధ్యలో ఏం జరిగిందో తెరపై కనిపించదు కనుక, ఇటువంటి నిర్ణయాలకు అధిక వేగపు కెమెరాలు అవసరమయ్యాయి.

ఎల్బీడబ్ల్యూ సమీక్షలో ప్యాడును దాటి వికెట్ల వైపు సాగే బంతి గీత మాత్రం, నా దృష్టిలో, రీప్లే కానే కాదు. ఆ బంతి ప్యాడు దగ్గరే ఆగింది. మిగిలిన దారి కంప్యూటర్ వేసిన అంచనా.

కాలితో తన్ని ఆడే మామూలు ఫుట్‌బాల్‌లో రీప్లే అన్న మాటకు మ్యాచ్ మొత్తాన్ని మళ్లీ ఆడడమన్న అర్థమూ ఉంది. ఇంగ్లండ్‌లోని ఎఫ్ఏ కప్‌లో డ్రా అయిన మ్యాచ్‌లను మరో రోజు తిరిగి ఆడించేవారు. 2024-25 సీజన్ నుంచి ప్రధాన రౌండ్లలో ఆ పద్ధతిని తొలగించారు.

[తెరపై: కీబోర్డు మీటలు, పక్కనే కదిలే ఆట]

వ్యాఖ్యాత: కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. 1993లో వచ్చిన డూమ్ అనే కంప్యూటర్ ఆటలో, ఆడినదాన్ని తర్వాత చూసుకునేందుకు ఉంచే డెమో ఫైలు దృశ్యాలను దాచదు. ఆటగాడు ఏ క్షణాన ఏ మీట నొక్కాడన్నదే దాచుకుని, ఆ ఆదేశాలతో ఆటను మొదటి నుంచి మళ్లీ నడిపిస్తుంది. అందువల్ల ఫైలు చాలా చిన్నదిగా ఉంటుంది, కానీ ఆట నియమాలు కాస్త మారిన మరో వెర్షన్‌లో అవే మీటలు ఆటగాణ్ణి గోడకు గుద్దించవచ్చు. యాదృచ్ఛికంగా అనిపించే సంఘటనలు కూడా 256 సంఖ్యల స్థిర పట్టిక నుంచే రావడం వల్ల ఈ ఏర్పాటు సాధ్యమైంది.

డేటాబేసులు కూడా ఈ పద్ధతినే నమ్ముకుంటాయి. ప్రతి మార్పునూ ముందుగా లాగ్ అనే వరుస చిట్టాలో రాసుకుని, సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే ఆ లాగ్‌ను వరుసగా మళ్లీ అమలు చేసుకుంటాయి. ఎక్కడి వరకు అమలైందో గుర్తు లేకపోతే ఒకే మార్పు రెండుసార్లు పడుతుంది కాబట్టి, లాగ్‌లోని ప్రతి నమోదుకూ ఒక స్థాన సంఖ్య ఉంటుంది.

[తెరపై: ఒక సందేశం రెండుసార్లు సర్వర్‌ను చేరుతుంది]

వ్యాఖ్యాత: ఈ బలహీనతనే ఆయుధంగా మార్చుకునేది రీప్లే దాడి. దాడి చేసేవాడు సందేశంలోని రహస్యాన్ని ఛేదించనక్కర్లేదు. సరైన డిజిటల్ సంతకంతో వెళ్తున్న ఆదేశాన్ని యథాతథంగా పట్టుకుని మరోసారి పంపితే చాలు, సంతకం అసలైనదే కనుక సర్వర్ దాన్ని నమ్ముతుంది. ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఒక్కసారికే చెల్లే సంఖ్యను సందేశంలో చేర్చడం, సమయాన్ని ముద్రించి పాతబడినదాన్ని తిరస్కరించడం దీనికి విరుగుడు. కారు రిమోట్లలో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారేలా చేసిందీ ఇందుకే.

2016 జూలైలో ఎథీరియం అనే డిజిటల్ నాణేల వ్యవస్థ బ్లాక్‌చెయిన్, అంటే లావాదేవీలను గొలుసుగా నమోదు చేసే ఉమ్మడి చిట్టా, రెండుగా చీలినప్పుడు ఈ సమస్య విచిత్రమైన రూపం దాల్చింది. రెండు గొలుసులకూ అంతవరకు ఉన్న చరిత్ర ఒకటే, ఖాతాలూ ఒకటే కావడంతో, ఒక గొలుసుపై సంతకం చేసిన చెల్లింపును తీసుకున్నవారు దాన్నే రెండో గొలుసుపైకి పంపి అక్కడి నాణేలను కూడా పొందగలిగేవారు. అదే ఏడాది నవంబరులో ఎథీరియం, సంతకంలోనే గొలుసు సంఖ్యను ఇమిడ్చే పద్ధతిని అమల్లోకి తెచ్చింది. అలా సంతకం చేసిన లావాదేవీ వేరే సంఖ్య ఉన్న గొలుసుపై చెల్లదు.