30 సెకన్ల పచ్చ లైటు

(దృశ్యం: సాయంత్రం ఆరున్నర, అమీర్‌పేట. సిగ్నల్ దగ్గర బారులు తీరిన వాహనాలు. తెర మూలన కదిలే సెకన్ల అంకెలు.)

నమస్కారం. ఈ వరుసలో పదహారో కారు మనదనుకుందాం. పచ్చ లైటు వెలిగింది. అందరికంటే ముందున్న డ్రైవరు చూసుకుని, గేరు వేసి కదిలేసరికి రెండు మూడు సెకన్లు గడిచిపోయాయి. ఆ తర్వాత ఒక్కో కారు గీత దాటడానికి దాదాపు 2 సెకన్లు. పచ్చ 30 సెకన్లే అయితే, దాటేవి 13 లేదా 14 కార్లు. మనం మళ్లీ ఆగాం.

అడ్డు లేకుండా సాగితే ఒక వరుసలో గంటకు సుమారు 1800 కార్లు వెళ్లగలవు. రెండు నిమిషాలకోసారి 30 సెకన్ల పచ్చ వస్తే అదే వరుసలో 400 దాటడం కష్టం. అందుకే ట్రాఫిక్ ఇంజినీరు రోడ్డు వెడల్పు కంటే ముందు పచ్చ లైటు నిడివి అడుగుతారు.

(దృశ్యం దగ్గరగా: గీతకు కాస్త ముందు ప్రయాణికురాలిని దింపుతున్న ఆటో. ఆమె చిల్లర వెతుక్కుంటున్నారు.)

ఆటో ఆగింది 10 సెకన్లే. కానీ ఆ వరుసలో 5 కార్ల వంతు పోయింది. అవి తర్వాతి పచ్చలో ఇంకొకరి చోటు తీసుకుంటాయి, వాళ్లు ఆ తర్వాతి వాళ్ల చోటు. రద్దీ వేళ ఈ బాకీ తీరదు, వెనక్కి పాకుతూనే ఉంటుంది. ఆటో డ్రైవరును తిట్టడం అన్యాయం. ఆయనకు ఆగే చోటు ఎవరు చూపించారు? కూడలి దాటాక ఆటోలకు, బస్సులకు విడిగా కాస్త జాగా ఇస్తే చాలు. ఫ్లైఓవర్ ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి?

పచ్చ సమయం పెంచేయవచ్చు కదా అంటారా? మనకు పెరిగినంతా అడ్డంగా వచ్చేవారికి ఎర్ర. పోనీ అందరికీ కొంచెం కొంచెంగా, త్వరత్వరగా ఇద్దామంటే, దిశ మారిన ప్రతిసారీ కొన్ని సెకన్లు వృథా. ఈ రెంటి మధ్య నిరీక్షణ అతి తక్కువగా ఉండే నిడివిని లెక్కగట్టే సూత్రాన్ని బ్రిటన్‌లో ఎఫ్.వి. వెబ్‌స్టర్ 1958లో ఇచ్చారు.

(దృశ్యం: మెహదీపట్నం. ఎక్స్‌ప్రెస్‌వే దిగుతున్న వాహనాలు.)

పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైంది. పొడవు 11.6 కిలోమీటర్లు, పైన ఒక్క సిగ్నల్ లేదు. కానీ దిగేది మెహదీపట్నంలోనే. పైన మిగిలిన నిమిషాలు కింద కూడలి ఇముడ్చుకోగలిగినంత మేరకే మనకు దక్కుతాయి.

ఇంకో లెక్క ఉంది. రోడ్డు మీద ఆక్రమించే చోటును బట్టి బైకును సగం కారుగా, బస్సును సుమారు మూడు కార్లుగా కొలుస్తారు. నా దృష్టిలో ఇది సగం లెక్కే. మూడు కార్లలో ఐదారుగురు ఉంటే ఎక్కువ. ఆ చోటులోనే ఆర్టీసీ బస్సు 50 మందిని తీసుకుపోతుంది.

ప్రణాళిక మొదలయ్యేది ఇక్కడే. ఎంతమంది బయలుదేరతారు, ఎక్కడికి, దేని మీద, ఏ దారిన? ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగే అమ్మాయిని అడగండి. స్టేషన్ నుంచి ఆఫీసుకు నడిచే ఫుట్‌పాత్ సరిగా లేకపోతే, వచ్చే నెల ఆమె స్కూటీ కొనుక్కుంటుంది. మూడో ప్రశ్నకు జవాబు ఆ ఫుట్‌పాత్ దగ్గరే మారిపోయింది.

(దృశ్యం: ఆరు వరుసల రోడ్డు దాటుతున్న పెద్దావిడ, చేతిలో కూరల సంచి.)

ఈ రోడ్డు వెడల్పు సుమారు 21 మీటర్లు. నడకను సెకనుకు 1.2 మీటర్లుగా లెక్కేసి 18 సెకన్లు ఇచ్చారనుకుందాం. ఆవిడ నడక సెకనుకు 0.8 మీటర్లు. 26 సెకన్లు కావాలి. అంకెలు సున్నాకు వచ్చాయి, ఆవిడ ఇంకా అవతలి గట్టు చేరలేదు. మరో 8 సెకన్లు ఇస్తే ఒక్కో వరుసలో 4 కార్లు వెనకబడతాయి. అందులో మన కారు ఉన్నా సరే, నేనైతే ఇస్తాను.