నుబ్రా ముళ్లపొదల్లో 8×42 బైనాక్యులర్స్: నాకు ఫోకస్ చక్రమే ముఖ్యం

నమస్తే అండీ. ఈ 8×42 బైనాక్యులర్స్‌ని కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. పేరు డిస్క్రిప్షన్‌లో ఉంది. బరువు, కోటింగులు, వాటర్‌ప్రూఫ్ సంగతులు మీరు ఈపాటికే చూసి ఉంటారు, వాటి జోలికి వెళ్లను. చలికాలంలో లడఖ్‌లోని నుబ్రా లోయకి తీసుకెళ్లాను, ఒకే ఒక్క పిట్ట కోసం. వైట్‌బ్రౌడ్ టిట్ వార్బ్లర్!

ఎంత అందమో! మగపిట్టకి ఎర్రగోధుమ నెత్తి, కంటిపైన తెల్లగీత, నడుం దగ్గర ఊదా నీలం మెరుపు. పొడవు 10 సెంటీమీటర్లే, మన ఊరపిచ్చుక కంటే చాలా చిన్నది. వేసవిలో ఎత్తుల్లో ఉండి, చలికి లోయల్లోని సీబక్‌థార్న్ పొదల్లోకి దిగుతుంది. ఆ పొదల నిండా ముళ్లు, కొమ్మల చిక్కు. పిట్టేమో తోక నిక్కించి, ఒక్కచోట నిలవకుండా లోపలికి దూరిపోతుంది.

దగ్గర్నుంచి చూస్తున్నప్పుడు ముందు కొమ్మకీ వెనక కొమ్మకీ ఉన్న కాస్త తేడాకే బొమ్మ మసకబారుతుంది. వేలు చక్రం మీద ఆడుతూనే ఉండాలి. నా పాత 10×42లో చలికి చక్రం బిగుసుకుపోయేది. గ్లవ్స్ తీసి బలంగా తిప్పేలోపు పిట్ట పక్క పొదలో ఉండేది. ఇందులో చక్రం వెడల్పుగా ఉంది. గడ్డకట్టే చలిలోనూ గ్లవ్స్‌తోనే ఒక్క వేలితో హాయిగా తిరిగింది. ఈ ఒక్కదానికే నేను పడిపోయాను!

10 రెట్లు ఉండగా 8 ఎందుకని చాలామంది అడుగుతారు. పిట్ట ముందు చూపులో పడాలి కదండీ! 8లో మామూలుగా కనిపించే మేర ఎక్కువ. ఆ ఎత్తులో ఆయాసంతో చెయ్యి వణికినా బొమ్మ అంతగా కదలదు. పొద నీడలో వెలుతురు కూడా మెరుగు: 42ని 8తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు 5.25 మిల్లీమీటర్లు, 10తో అయితే 4.2.

ఒక మాట. ఈ పిట్టని ఇప్పుడు పొడుగుతోక టిట్‌ల కుటుంబంలో చేర్చారు. వాటిలాగే చలికాలంలో గుంపుగా తిరుగుతుంది. ఒకటి కనిపిస్తే కదలకండి, వెనకే ఇంకోటి రావచ్చు. దయచేసి రికార్డు చేసిన కూత వినిపించి బయటికి రప్పించకండి. ఆ చలిలో దానికి తిండి వెతుక్కునే పొద్దే తక్కువ.

చిరాకు పెట్టింది లెన్సు మూతలు. కొమ్మ తగిలితే ఊడిపోతాయి, ఒకటి అక్కడే పోయింది. అయినా పొదల్లో పిట్టలు చూసేవాళ్లకి ఇదే తీసుకోమంటాను. చెరువులో దూరంగా ఉన్న బాతుల కోసమైతే 10 చూసుకోండి. ఏది కొన్నా షాపులోనే చక్రాన్ని దగ్గర నుంచి దూరం దాకా ఒకసారి తిప్పి చూడండి.