ట్రెంచ్ కోటు వేసుకుని రంగనాథన్ స్ట్రీట్‌కి వెళ్తారా?

హాయ్ అండీ, చెన్నైలో ఉక్కపోత ఎప్పటిలాగే ఉంది, ఫ్యాన్ సౌండ్ వస్తే ఏమనుకోకండి. ఇవాళ క్లాసిక్ బట్టలా ట్రెండీ బట్టలా అనే గొడవ. నేను క్లాసిక్ పార్టీనే, కాకపోతే నెట్‌లో తిరుగుతుంటాయే, బీరువాలో ఉండి తీరాల్సిన పది క్లాసిక్స్ అని, ఆ లిస్టు మాత్రం నాకు ఎక్కదు. నేవీ బ్లేజరు, ఉన్ని స్వెటరు, ట్రెంచ్ కోటు. ఆ కోటు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్లు కందకాల్లో వానకి, చలికి తట్టుకోడానికి వేసుకున్నది, దాన్ని తగిలించుకుని మే నెలలో మన టి.నగర్ షాపింగ్ వీధి రంగనాథన్ స్ట్రీట్ జనంలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడవండి చూద్దాం.

ఇక్కడ క్లాసిక్ అంటే నా ఓటు మద్రాస్ చెక్స్‌కే. పల్చటి గళ్ల కాటన్, గాలి ఆడుద్ది, చెమట పట్టినా ఇట్టే ఆరిపోద్ది. మనం లుంగీ గుడ్డ అని తీసిపారేస్తాం గానీ 1960ల్లో అమెరికా కాలేజీ కుర్రాళ్లకి ఇదే పిచ్చి ఫ్యాషన్, ఉతికితే రంగు దిగిపోయేదట, అమ్మేవాళ్లేమో అది దాచకుండా గ్యారంటీగా రంగు దిగుద్ది అని గొప్పగా యాడ్ ఇచ్చి మరీ అమ్మారు! మా అమ్మైతే ఆ గుడ్డ తీసుకెళ్లి షాపువాడి మొహానే కొట్టేది. ఇంకోటి, రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని ఒకప్పుడు పడమటి ఆఫ్రికాకి బాగా ఎగుమతైన గళ్ల గుడ్డ ఉంది, పేరేమో మద్రాస్‌ది, నేసిందేమో చాలావరకు మన చీరాల వైపు. 2018లో జారా అనే బట్టల బ్రాండ్ వాళ్లు అచ్చం గళ్ల లుంగీలా ఉన్న స్కర్టుని దాదాపు 70 పౌండ్లకి పెట్టారు, గుర్తుందా, నెట్ మొత్తం నవ్వింది.

సరే మరి మన స్టైల్ ఏంటో ఎలా తెలుస్తుంది అంటే, షాపింగ్ యాప్ మూసేసి ఇస్త్రీకి వెళ్లే మూట విప్పండి. వారం వారం అందులో తిరిగేవే మీవి. రంగులేంటి, కాలర్ ఉందా, వదులా టైటా, చూస్తే మీకే అర్థమైపోద్ది. బీరువాలో మడత నలగనివి ఎంత క్లాసిక్ అయినా వేస్టే.

ట్రెండ్ వద్దనట్లేదు, బ్యాగీ ప్యాంటు నాకూ ఉంది, హాయిగా ఉంటది, పైన గళ్ల చొక్కా టక్ చేస్తే భలే కుదురుద్ది. ఓవర్‌సైజ్ టీషర్టులు మాత్రం నావల్ల కాదు బాబూ.

కొనేటప్పుడు చూడాల్సింది భుజం. నడుం పట్టించొచ్చు, పొడుగు తగ్గించొచ్చు, భుజం కుట్టు జారితే టైలర్ కూడా తల గోక్కుంటాడు. చేనేత కాటన్ తీసుకుంటే తడి తెల్లగుడ్డతో ఓ మూల రుద్ది రంగు చూసుకోండి, ఒకసారి నానబెట్టి ఆరేశాకే కుట్టించండి, లేదంటే మొదటి ఉతుక్కే చొక్కా కురచైపోద్ది.