రింగు కొస లోపలికి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. కాటన్ దొర జయంతి కదా, ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ నేను బస్సెక్కి వచ్చింది రింగుల గురించి, అంటే పిల్లరులో నిలువు ఊచల చుట్టూ కట్టే ఇనుప చుట్ల గురించి మాట్లాడటానికి. వెనకాల కూర్చున్న మేస్త్రీలు, రాడ్ బెండర్లు కాస్త ముందుకు రండి. ఆ ముందు కుర్చీలు ఎవరికోసం ఉంచారో గానీ, వాళ్లు ఎలాగూ రాలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. రాయి, సున్నం, వాటి బరువు. గోదారి ఎప్పుడూ ఎగువ నుంచే నెడుతుంది కాబట్టి ఆ బరువుతోనే నిలబడింది. అదే తోపు ఒక క్షణం ఇటు నుంచి, మరుక్షణం అటు నుంచి వస్తే? భూకంపంలో మన పిల్లరు పడే పాట్లు అవే. దొరగారి సంగతి ఇంతటితో అయింది.

‘మన లంకల్లో భూకంపమేంటండీ’ అంటారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కదిలింది. భద్రాచలం ఎక్కడో లేదు, మన గోదారి గట్టునే ఉంది. ‘96 తుఫానుకే చెక్కుచెదరని ఇల్లండీ మాది’ అని ఇంకొకరు. నిజమే. గాలి బయటి నుంచి తోస్తుంది, పిల్లరు తన బలం దాటకుండానే దాన్ని కాచుకుంటుంది. భూమి కదిలితే ఇంటి బరువే ఇంటిని ఊపుతుంది. పిల్లరు హద్దు దాటుతుంది. దాటాక కూడా అటూ ఇటూ ఊగుతూ నెత్తిన బరువు మోయాలి.

ల్యాబులో పిల్లరు తల మీద ఒక జాకీతో బరువు పెట్టి, ఇంకో జాకీతో పక్కకు తోస్తాం, లాగుతాం. మొదట పాదం దగ్గర వెంట్రుకంత పగుళ్లు అడ్డంగా వస్తాయి. ఇటు తోస్తే ఈ వైపువి తెరుచుకుంటాయి, లాగితే ఇవి మూసుకుని అవతలివి నోరు తెరుస్తాయి. దూరం పెంచుకుంటూ పోతే, మొదటిసారి పట్టిన బలం మూడోసారికి పట్టదు, పిల్లరు మెత్తబడుతుంది. తర్వాత ఊచల మీది కవరు, అంటే బయటి కాంక్రీటు పొర, పెచ్చులూడుతుంది. అక్కడి నుంచి భారమంతా రింగులదే.

ధాన్యం బస్తా తలుచుకోండి. కుట్టు గట్టిగా ఉన్నంతసేపూ దాని మీద ఇంకో నాలుగు బస్తాలు వేస్తారు. కుట్టు తెగితే? రింగులు ఆ కుట్టు. దగ్గర దగ్గరగా ఉంటే లోపలి కాంక్రీటు నలిగినా జారిపోదు, నిలువు ఊచలు బయటికి ఉబ్బవు. అందుకే పిల్లరు పాదం దగ్గర, తల దగ్గర రింగుల మధ్య 100 మిల్లీమీటర్లు మించకూడదంటుంది ఐఎస్ 13920, భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణం. రింగు చివరి కొక్కెం 135 డిగ్రీలు వంచి, కొస 65 మిల్లీమీటర్లకు తగ్గకుండా లోపలికి పోవాలంటుంది. అంటే నా బొటనవేలంత. 90 డిగ్రీలే వంచితే ఆ కొసను పట్టి ఉంచేది కవరొక్కటే. కవరు ఊడితే కొక్కెం విచ్చుకుంటుంది. కింద పార్కింగ్ వదిలి, పైన గోడలు కట్టే ఇళ్లలో ఊపంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్ల అవతల అహ్మదాబాదులో అలాంటి అపార్టుమెంట్లే కూలాయి.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. రెండు నిమిషాలండీ, ఇంకా అసలుది చెప్పలేదు.

ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పినవాణ్ని. 1998లో మలికిపురం దగ్గర మా ఇల్లు కట్టుకున్నప్పుడు రింగులు చూశాను. అన్నీ 90 డిగ్రీలే, కొక్కేలన్నీ ఒకే మూలకు, ఒకదాని మీద ఒకటి. ఇదేంటయ్యా అన్నాను. ‘లోపలికి వంచితే ఊచలకి ఎక్కవండి. అందరికీ ఇలాగే చేస్తామండి’ అన్నాడు మేస్త్రి. మిక్సరు వచ్చేసింది, కూలీలు టీలు తాగేశారు. ‘ఎల్లుండి నుంచి మూఢం, కానివ్వండి అల్లుడుగారూ’ అన్నారు మావగారు. నేను ‘సరే, కానీ’ అన్నాను. మేస్త్రి ‘ఆయ్’ అన్నాడు. ఆ ‘కానీ’ అన్నది నేనే, మేస్త్రి కాదు. కాంక్రీటు కలిపింది ఉప్పుబోరు నీళ్లతోనని కూడా నాకు తెలుసు.

2019లో బాత్రూమ్ పక్క పిల్లరుకు కింద ప్లాస్టరు చీలింది. చెక్కించాను. నిలువు ఊచలకు గోధుమరంగు తొక్క కట్టింది, అంతే. రింగులు మాత్రం అన్నిటికంటే బయట ఉండేవి, సన్నటివి. ఎనిమిది మిల్లీమీటర్ల రింగు మూల దగ్గర పుల్లలా అయిపోయింది. కొక్కెం పట్టుకుని లాగాను. వేలితోనే వచ్చేసింది. ఇదిగో, ఈ రుమాల్లో ఉన్నది అదే. ముందు వరసలో వాళ్లు చేతికి తీసుకుని చూడండి, పొడి రాలుతుంది, పంచెలు జాగ్రత్త.

ఆ పిల్లరు బాగు చేయించాను. మొత్తం పన్నెండు. మిగతా పదకొండూ నేనింకా విప్పలేదు.

బాబూ, ఆ చివరి పసుపు చొక్కా, నువ్వు రాడ్ బెండింగేనా? ఆ వంచే కీ పట్టుకుని పైకి రా. ఊచ నేను తెచ్చాను.