బోరు నీళ్ళ ఊళ్ళో ఏంజెల్ చేప పిల్లలు: గుడ్డు నుంచి మొదటి మేత దాకా

నమస్కారం. అక్వేరియంలో పెంచే ఏంజెల్ చేప గుడ్లను తల్లిదండ్రుల నుంచి విడదీసి పొదిగించడం, పిల్లలకు మొదటి మేత అందించడం ఈ వీడియోలో చూద్దాం. ఈడొచ్చిన జంటకు మంచి మేత దొరికితే గుడ్లు పెడుతూనే ఉంటుంది. నష్టమంతా ఆ తర్వాతి పది రోజుల్లోనే.

ముందు నీళ్ళ సంగతి. ఏంజెల్ అమెజాన్ ప్రాంతపు చేప, లవణాలు బాగా తక్కువున్న నీళ్ళలో పుట్టి పెరిగింది. హైదరాబాద్ బోర్లేమో గ్రానైట్ రాతిలోంచి కఠిన జలాన్ని తోడతాయి. ఈ బకెట్‌లో టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది, ముంచితే 800 చూపిస్తోంది, చూడండి. పెద్ద చేపలు ఈ నీళ్ళలో బతికేస్తాయి. గుడ్లకు మాత్రం కాల్షియం ఎక్కువైతే పైపొర బిరుసెక్కి ఫలదీకరణ తగ్గిపోతుంది. మనకు 150 దగ్గర కావాలి. ఆర్వో నీళ్ళు 40 ఉంటే, 17 లీటర్ల ఆర్వోకు 3 లీటర్ల బోరు కలపండి, 154 వస్తుంది. ఉత్త ఆర్వో వాడొద్దు, అందులో పీహెచ్ నిలకడగా ఉండదు. జంట ఉన్న తొట్టిలోనూ ఇవే నీళ్ళుండాలి, ఫలదీకరణ జరిగేది అక్కడే కదా. నల్లా నీళ్ళయితే ముందు యాంటీ క్లోరిన్ వేసి, ఒక రోజు గాలి పట్టించాకే వాడండి.

గుడ్లు పెట్టడానికి రాతి పలక. మార్కాపురం పలకలాంటిది దొరికితే అంతకన్నా మంచిది లేదు: చట్రం ఊడదీసి, కడిగి, తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టండి. రంగు పూసిన అట్ట పలకలు, రేకు పలకలు పనికిరావు.

జంట గుడ్లు పెట్టడం ముగించాక పలకను తీసి, అదే తొట్టి నీళ్ళు 10 లీటర్లు పట్టే గాజు జాడీలో పెట్టండి. మార్చేటప్పుడు గుడ్లు గాలికి ఆరకూడదు, నీళ్ళున్న గిన్నెలో ముంచి తీసుకెళ్ళండి. గుడ్లకు బూజు పట్టనివ్వని నీలం మందు, 1 శాతం మిథిలీన్ బ్లూ, 2 మిల్లీలీటర్లు వేయండి. ఎయిర్ స్టోన్‌ను, అంటే గాలి పంపు గొట్టానికి తగిలించే బుడగల రాయిని, పలకకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. బుడగలు గుడ్లకు తగలకూడదు, నీళ్ళు మాత్రం వాటి మీదుగా కదలాలి. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. చిన్న జాడీ త్వరగా చల్లబడుతుంది, అందుకే హీటరున్న పెద్ద తొట్టిలో దాన్ని నిలబెట్టండి. డిసెంబరు రాత్రుల్లో ఇది తప్పదు.

మర్నాటికి కొన్ని గుడ్లు తెల్లబడతాయి. అవి ఫలించనివి, ముందుగా బూజు పట్టేవీ అవే. పిపెట్‌తో ఏరేయండి. అన్నీ తెల్లబడితే మందును తప్పుపట్టకండి: నీళ్ళు కఠినమై ఉండొచ్చు, లేదా రెండు ఆడ చేపలే జత కట్టి ఉండొచ్చు. గుడ్లు పెట్టే వేళ పొట్ట కింద గొట్టం మొద్దుగా, వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా మొన తేలి ఉంటే మగది.

రెండున్నర రోజులకు గుడ్లు పగిలి, పిల్లలు తలతో పలకకు అంటుకుని తోకలాడిస్తాయి. ఇప్పుడు మేత వేయొద్దు. పొట్టలో పచ్చసొన ఉంది, వేసిందంతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. రోజూ మూడో వంతు నీళ్ళు మారుస్తూ నీలం రంగు పోగొట్టండి. రంగుండగా స్పాంజ్ ఫిల్టర్ పెడితే అందులోని మంచి బాక్టీరియా చచ్చిపోతుంది.

గుడ్లు పగిలిన అయిదో రోజుకు అటూ ఇటుగా పిల్లలు ఈదడం మొదలెడతాయి. ఆ రోజుకు వాటి మొదటి మేత ఆర్టీమియా, అంటే గుడ్ల నుంచి అప్పుడే పుట్టిన ఉప్పునీటి సన్న రొయ్య పిల్లలు, సిద్ధంగా లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. కాబట్టి ఒక రోజు ముందే మొదలెట్టండి. రెండు లీటర్ల కూల్ డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా బిగించండి. లీటరు నీళ్ళు, 25 గ్రాముల దొడ్డుప్పు, ఒక గ్రాము ఆర్టీమియా గుడ్లు. దీనికి మాత్రం బోరు నీళ్ళే మేలు, సాధారణంగా వాటి క్షారగుణం పీహెచ్‌ను 8 దగ్గర నిలుపుతుంది. ఆర్వో వాడితే చిటికెడు వంటసోడా వేయండి. గట్టి గొట్టం ఒకటి మూత దాకా దించి జోరుగా గాలి వదలండి. ఎయిర్ స్టోన్ వద్దు, సన్న బుడగలకు గుడ్లు నురగతో పైకెక్కి అంచులకు అతుక్కుంటాయి. పైన లైటు, 28 డిగ్రీలు, 24 గంటలు.

తీసేటప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి దిగుతాయి. కిందివాటిని మాత్రమే సన్నటి గొట్టంతో లాగి, 120 మైక్రాన్ల జల్లెడలో మంచినీళ్ళతో కడగండి. పెంకులు చేప పిల్ల కడుపులో పడితే పేగు మూసుకుపోతుంది. ఆర్టీమియా పిల్లలను గుడ్లు పగిలిన కొన్ని గంటల్లోనే వాడేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ వాటిలోని సారం తగ్గిపోతుంది. మిగిలిన ఆర్టీమియా గుడ్ల డబ్బాను గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. వానాకాలం తేమ తగిలితే పొదగడం సగానికి సగం పడిపోతుంది.

రోజుకు నాలుగు సార్లు, కొద్దికొద్దిగా వేయండి. పది నిమిషాలకు పొట్టలు నారింజ రంగుకొస్తే సరిపోయినట్టు. రంగు రాని పిల్లలు ఎక్కువుంటే ముందు లైటు సరిచూడండి, చీకట్లో వాటికి మేత కనిపించదు. అడుగున మిగిలింది సాయంత్రం సైఫన్‌తో లాగేసి, అంతే వెచ్చదనమున్న అవే నీళ్ళతో సగం మార్చండి. ఈదడం మొదలయ్యాక పిల్లలను 50 లీటర్ల తొట్టికి మార్చి, నడుస్తున్న తొట్టిలోని పాత స్పాంజ్ ఫిల్టర్ తెచ్చి పెట్టండి, కొత్తది ఇప్పటికిప్పుడు పనిచేయదు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు పక్కనే ఉండాలి. రూపాయి బిళ్ళ సైజుకొచ్చే లోపు తొట్టికి వంద పిల్లలకు మించకుండా పంచండి, కిక్కిరిస్తే రెక్కలు పొట్టిగా మిగిలిపోతాయి.