తూసాన్ లువెర్త్యూర్: బగ్గీ తోలిన చేతులు

అందరికీ నమస్కారం. హైతీ బానిసల తిరుగుబాటుని నడిపించిన తూసాన్ కథని నేను ఆయన చావు దగ్గర మొదలుపెడతాను. 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సులో జూరా కొండల మీద ఫోర్ట్ ద జూ అనే కోటలో, ఎముకలు కొరికే చలిలో, ఎండ దేశంలో పుట్టి పెరిగిన సుమారు అరవై ఏళ్ల మనిషి ఒంటరిగా ప్రాణం వదిలాడు. ఆయన్ని అక్కడికి పంపించింది నెపోలియన్.

నెపోలియన్‌కి ఈయనంటే అంత భయం ఎందుకంటే, ఈయన పుట్టిన సెయింట్ డొమింగ్, అంటే ఇప్పటి హైతీ, ఆ రోజుల్లో ఫ్రాన్సుకి బంగారు బాతు. చక్కెర, కాఫీ చాలావరకు అక్కడివే. పండించేది మాత్రం దాదాపు ఐదు లక్షల మంది బానిసలు. చాలామంది ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చినవాళ్లు, చెరకు తోటల్లో కొన్నేళ్లకే రాలిపోయేవాళ్లు, వాళ్ల చోటులోకి మళ్లీ కొత్తవాళ్లని కొనేవాళ్లు.

తూసాన్ బ్రెడా తోటలో బానిసగా పుట్టాడు. పశువుల్ని చూసుకున్నాడు, బగ్గీ తోలాడు, ఆకు వైద్యం నేర్చాడు. 1776 నాటికే స్వేచ్ఛ దొరికింది. ఆ తర్వాత ఓ కాఫీ తోటని కౌలుకి తీసుకున్నాడు, దాంతో పాటు అక్కడి బానిసల్ని కూడా. ఇది దాచాల్సిన విషయం కాదని నా అభిప్రాయం. నిన్నటిదాకా బానిసగా ఉన్నవాడు కూడా మనుషుల్ని కౌలుకి తీసుకునేంతగా ఆ వ్యవస్థ అందరిలోకీ ఇంకిపోయింది.

1791 ఆగస్టులో ఉత్తరాన బానిసలు తిరగబడ్డారు, తోటలు తగలబడ్డాయి. తూసాన్ తిరుగుబాటులో చేరాడు, కానీ చేరేముందు తన పాత తోట మేనేజర్ కుటుంబాన్ని క్షేమంగా దాటించాడు. మొదట, అదే దీవిలో మిగతా భాగాన్ని ఏలుతున్న స్పెయిన్ వైపు నిలబడి ఫ్రాన్సుతో పోరాడాడు. 1794 ఫిబ్రవరిలో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేసింది, ఆ ఏడే ఆయన ఫ్రాన్సు వైపు వచ్చేశాడు. ఆక్రమించుకోవడానికి వచ్చిన బ్రిటిష్ సైన్యం కూడా 1798లో ఆ దీవి వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది.

1801లో రాజ్యాంగం రాయించాడు. ఈ నేల మీద బానిసలు ఉండకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. తనని జీవితాంతం గవర్నర్‌గా ప్రకటించుకున్నది కూడా ఆ రాజ్యాంగంలోనే. చక్కెర అమ్మితేనే సైన్యానికి తుపాకులు వస్తాయి కాబట్టి, స్వేచ్ఛ పొందిన జనాన్ని మళ్లీ అవే తోటల్లో పని చెయ్యమని సైనికుల్ని పెట్టి బలవంతం చేశాడు. జనం తిరగబడ్డారు. ఆ గొడవకి కారకుడని, తను సొంత మేనల్లుడిలా చూసుకున్న మొయీజ్ అనే సైన్యాధికారిని కాల్పించేశాడు. ఎన్నిసార్లు చదివినా ఇక్కడికి వచ్చేసరికి నా మనసు బరువెక్కుతుంది, ఎందుకంటే తోటల్లో బలవంతపు పని వద్దని మొయీజ్ అడిగింది తప్పని నేను ఎంత ప్రయత్నించినా అనుకోలేకపోతున్నాను.

1802లో నెపోలియన్ చెల్లెలి భర్త లెక్లెర్ పెద్ద సైన్యంతో దిగాడు. కొన్ని నెలల యుద్ధం తర్వాత రాజీ కుదిరింది, తూసాన్ ఇంటికి వెళ్లి వ్యవసాయం చూసుకుంటున్నాడు. జూన్‌లో మాట్లాడదాం రమ్మని ఓ ఫ్రెంచ్ జనరల్ ఉత్తరం రాస్తే నమ్మి వెళ్లాడు. గొనాయివ్ దగ్గర పట్టుకుని కట్టేసి ఓడ ఎక్కించారు. మీరు నరికింది స్వేచ్ఛ అనే చెట్టు మొదలు మాత్రమే, వేళ్లు లోతుగా ఉన్నాయి, మళ్లీ చిగురిస్తుంది అన్న అర్థం వచ్చే మాట ఓడలో అన్నాడని చెబుతారు.

ఆ ఏడాదే నెపోలియన్ వేరే కొన్ని కాలనీల్లో బానిసత్వాన్ని నిలబెట్టే చట్టం తెచ్చాడు. ఆ వార్త విన్నాక జనానికి ఇంకేం అనుమానం మిగల్లేదు. తూసాన్ దగ్గర పనిచేసిన దెసలీన్ సైన్యాన్ని నడిపించాడు, 1803 నవంబర్‌లో వెర్తియేర్ దగ్గర ఫ్రెంచ్ వాళ్లు ఓడిపోయారు. 1804 జనవరి 1న దెసలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. ప్రకటించిన ఊరు గొనాయివ్, తూసాన్‌ని ఓడ ఎక్కించిన ఊరే.