ఈ అంకె ఏ అక్షానిది?

మిత్రులారా,

పైపుల మీద పడే ఒత్తిళ్లను లెక్కించే పైపింగ్ స్ట్రెస్ విభాగంలో కొత్తగా చేరినవారు సాఫ్ట్‌వేర్‌ను త్వరగానే పట్టేస్తారు. మోడల్ వేస్తారు, రన్ చేస్తారు, స్ట్రెస్ పరిమితి దాటిందో లేదో చూస్తారు. కానీ రిపోర్టులో ఎఫ్‌ఎక్స్ (ఎక్స్ దిశలో బలం) కింద ఉన్న అంకెను చూపించి "ఇది ఏ ఎక్స్?" అని అడిగితే చాలామంది తడబడతారు. ఈరోజు నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

దారి చెప్పేటప్పుడు కొందరు తూర్పు, పడమర అంటారు. కొందరు కుడి, ఎడమ అంటారు. మనం ఎటు తిరిగినా తూర్పు మారదు. ఎడమ మాత్రం మనతోపాటే తిరుగుతుంది. గ్లోబల్ అక్షాలు మొదటి రకం, ప్లాంటు మొత్తానికీ ఒకటే. లోకల్ అక్షాలు రెండో రకం, పైపు మలుపు తిరిగితే అవీ తిరుగుతాయి. మనం వాడే స్ట్రెస్ లెక్కల ప్రోగ్రామ్ సీజర్ టూలో లోకల్ ఎక్స్ ఎప్పుడూ ఎలిమెంటు (మోడల్లోని ఒక పైపు ముక్క) మొదటి నోడ్ (చివరి బిందువు) నుంచి రెండో నోడ్ వైపే ఉంటుంది. నోడ్‌ల వరుస తిరగేస్తే అక్షమూ తిరగబడుతుంది.

బరువు, గాలి, భూకంపం గ్లోబల్ అక్షాల్లోనే పనిచేస్తాయి. సివిల్ విభాగానికి ఇచ్చే సపోర్టు లోడ్లు కూడా అంతే. సీజర్ టూలో నిలువు అక్షం మామూలుగా వై. కావాలంటే జెడ్ పెట్టుకోవచ్చు. అందుకే లోడ్ల పట్టిక పంపేటప్పుడు పైన బాణాల బొమ్మ ఒకటి వేసి పంపండి. డ్రాయింగు మీది ప్లాంటు ఉత్తరం, దిక్సూచి చూపే ఉత్తరం చాలాచోట్ల ఒకటి కావు. గాలి లెక్కల్లో ఇది గుర్తుండాలి.

పైపు లోహానికి మాత్రం ఈ దిక్కులేవీ తెలియవు. దానికి తెలిసింది వంగడం, మెలిపడటం, సాగడం. ఒక బెండును దగ్గరగా చూద్దాం. 8 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే అంకె) పైపు ఎక్స్ దిశలో వచ్చి, లాంగ్ రేడియస్ బెండుతో నిలువుగా, అంటే వై దిశలో పైకి లేచిందనుకోండి. బెండు తలం ఎక్స్-వై. కింది చివర 10 కిలోన్యూటన్ మీటర్ల ఎంజెడ్ (జెడ్ అక్షం చుట్టూ తిప్పే మూమెంటు) ఉంటే అది బెండు తలంలోనే వంచే మూమెంటు. పైపింగ్ కోడ్ బీ31.3లో చాలాకాలం ఉన్న సూత్రాల ప్రకారం దాని తీవ్రతా గుణకం (బెండు వల్ల స్ట్రెస్ ఎన్ని రెట్లవుతుందో చెప్పేది) సుమారు 2.44, స్ట్రెస్ 89 మెగాపాస్కల్ దగ్గరికి వస్తుంది. అదే 10 ఎంవైగా ఉంటే తలానికి బయటికి వంచుతుంది, గుణకం 2.03, స్ట్రెస్ దాదాపు 74. ఇప్పుడు పై చివరకు వెళ్లండి. అక్కడ పైపే వై దిశలో ఉంది కాబట్టి అదే ఎంవై మెలితిప్పే మూమెంటుగా మారిపోతుంది. దానికి గుణకం 1. స్ట్రెస్‌కు చేరేది 36 మెగాపాస్కల్ మాత్రమే. గ్లోబల్ రిపోర్టులో రెండు చివర్లా ఒకే పేరు, ఒకే అంకె. బెండుకు మాత్రం రెండు వేర్వేరు అనుభవాలు! నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. కోడ్ స్ట్రెస్‌ను లోకల్ మూమెంట్లతో ఎందుకు లెక్కిస్తుందో ఈ ఒక్క బెండుతో తెలిసిపోతుంది.

ఐమూలగా పోయే లైన్ల దగ్గర చిక్కులు ఎక్కువ. యాంకర్ (పైపును కదలకుండా బిగించిన చోటు) నుంచి 30 మీటర్లు నేలకు సమాంతరంగా, ఎక్స్, జెడ్‌ల మధ్య 45 డిగ్రీల్లో పోయే కార్బన్ స్టీల్ పైపు 200 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే సుమారు 72 మిల్లీమీటర్లు సాగుతుంది. అందులో ఎక్స్ వాటా 51. అక్కడ గైడ్ (పైపును పొడవునా సాగనిచ్చి పక్కకు మాత్రం ఆపేది) పెట్టాల్సిన చోట అలవాటుగా ఎక్స్ రిస్ట్రెయింట్ (ఎక్స్ దిశలో ఆపేది) పెడితే ఆ 51 మిల్లీమీటర్లకూ అడ్డం పడ్డట్టే. పైపు పక్కకు నెట్టుకుంటుంది, వాస్తవంలో ఉండని లోడు రిపోర్టులో పుడుతుంది. దాన్ని నమ్మి ఎవరో ఉక్కు పెంచుతారు, పైపు సాగడానికి వీలిచ్చే లూప్‌ను అక్కర్లేకుండానే కడతారు. గైడ్ అని ఇస్తే ప్రోగ్రామే పైపు దిశ చూసుకుంటుంది, లేదంటే పైపుకు అడ్డంగా ఉండే దిశను 0.707, 0, -0.707 అని దిశా కోసైన్లుగా ఇవ్వండి.

పంపు నాజిళ్లదీ (పైపు కలిసే మూతులదీ) ఇదే కథ. పంపుల ప్రమాణమైన ఏపీఐ 610లో, అడ్డంగా ఉండే పంపులకు ఎక్స్ అంటే షాఫ్ట్ దిశ. అనుమతించే బలాలు దిశను బట్టి వేర్వేరుగా ఉంటాయి. మీ ప్లాంటులో షాఫ్ట్ గ్లోబల్ జెడ్ వెంబడి ఉంటే, రిపోర్టులోని ఎఫ్‌జెడ్‌ను పంపు పట్టికలోని ఎఫ్‌ఎక్స్‌తో పోల్చాలి. ముందుగా పంపు డ్రాయింగు తెరిచి, షాఫ్ట్ మీద పెన్సిలుతో బాణం గీసి, రెండు అక్షాల పేర్లూ పక్కపక్కన రాసుకోండి. పోలిక పట్టిక ఆ తర్వాతే వేయండి.